మ్యూలె ఆర్89 రేజరు: పదకొండు నెలల గడ్డాల తర్వాత

ఈ రేజరు కొన్న మొదటి వారం నా మెడ చూసి మా ఆవిడ అడిగింది: "నాలుగు వేలు పోసి తెచ్చుకున్నది గడ్డం గీసుకోవడానికా, గొంతు కోసుకోవడానికా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పదకొండు నెలలు వాడాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను. తప్పంతా నా చేతిదే. ఆ చెయ్యి దారికి రావడానికి నెలన్నర పట్టింది. అందుకే ఈ సమీక్షలో రేజరు గురించి ఎంత ఉంటుందో చెయ్యి గురించీ అంతే ఉంటుంది.

నేను మందుల కంపెనీ ప్రతినిధిని. ఒంగోలులో కాపురం. చీరాల, అద్దంకి, కందుకూరు, మార్కాపురం నా రూటు. నున్నగా గీసిన గడ్డంతో, టై కట్టుకుని డాక్టర్ల గదుల బయట నిలబడటం నా ఉద్యోగంలో ముప్పాతిక వంతు. వాళ్ళు పిలిచాక దొరికే రెండు నిమిషాలు మిగతా పాతిక. గడ్డం పెంచే వీలు లేదు, ఒక్కరోజు మానేసే వీలూ లేదు. పైగా నా గడ్డం వెంట్రుక దళసరి, ఉంగరాలు తిరిగిన రకం. కంఠమణికి రెండు వైపులా ఎర్రటి పొక్కులు ఇరవై ఏళ్ళుగా నాతో కాపురం చేశాయి.

ఒకసారి ఒక చర్మవ్యాధుల డాక్టరు గారికి మా యాంటీబయాటిక్ క్రీము గురించి వల్లె వేస్తుంటే, ఆయన ట్యూబు వైపు చూడకుండా నా మెడ వైపు చూశారు. "ఏమయ్యా, నీ క్రీము నీకే పనిచేసినట్టు లేదే?" అన్నారు. నిజానికి శాంపిల్ ట్యూబుల్లో సగం నా మెడకే ఖర్చయ్యేవి. ఎన్ని బ్లేడ్లున్న రేజరు వాడుతున్నావని అడిగారు. ఐదు అన్నాను, కాస్త గర్వంగానే. "అదే నీ జబ్బు" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. వరసగా బ్లేడ్లు అమర్చి పిడికి తగిలించే తలను కార్ట్రిడ్జి అంటారు. అందులో ముందు బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగుతుంది. అది వెనక్కి జారేలోపే వెనక బ్లేడు ఇంకా కింద కోస్తుంది. మిగిలిన మొన చర్మం మట్టం కన్నా లోపలికి పోతుంది. 1971లో గిలెట్ రెండు బ్లేడ్ల ట్రాక్ టూ తెచ్చినప్పుడు గొప్పగా ప్రచారం చేసుకున్నది ఈ కిటుకునే. తిన్నని వెంట్రుక ఉన్నవాళ్ళకు అది వరమే. ఉంగరాల వెంట్రుక మాత్రం మళ్ళీ పైకి పెరిగేటప్పుడు దారి తప్పి, పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే లెక్కవేసి వాపు తెప్పిస్తుంది. "ఒక్క బ్లేడుతో, వెంట్రుక వాలుకు ఎదురు గీయకుండా కొన్నాళ్ళు గీసి చూడు" అని పంపేశారు. ఆ రోజు క్రీము మాత్రం రాయలేదు.

అలా ఒక్క బ్లేడు బిగించుకునే ఈ సేఫ్టీ రేజరు కొన్నాను. మ్యూలె వాళ్ళది జర్మనీలో సాక్సనీ ప్రాంతంలోని ష్టుట్సెన్‌గ్రూన్ అనే చిన్న ఊరు. 1945లో షేవింగ్ బ్రష్షుల తయారీతో మొదలైన కుటుంబ సంస్థ. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1972లో జాతీయం చేసింది, బెర్లిన్ గోడ కూలాక మళ్ళీ ఆ కుటుంబం చేతికే వచ్చింది. గడ్డానికి ఈ కథతో పని లేదు కానీ, అంత డబ్బు పెట్టినప్పుడు అది ఏ ఊరిదో తెలుసుకోవాలనిపిస్తుంది కదా.

డబ్బా విప్పితే మూడు ముక్కలు. గుమ్మటంలా వంగిన మూత, దాని కింద అమరే పలక, క్రోమ్ పూత పూసిన పిడి. మూత అడుగున మర ఉన్న కాడ ఉంటుంది. అది బ్లేడులోంచి, పలకలోంచి దూరి పిడిలోకి బిగుసుకుంటుంది. అంతే యంత్రాంగం. స్ప్రింగు లేదు, తిరిగే తల లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. చేతిలో పెట్టుకుంటే పెద్ద కోడిగుడ్డు పట్టుకున్నంత బరువు.

ఇందులో తెలివంతా మూత వంపులో ఉంది. రెండంచుల బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. చేత్తో పట్టి ఊపితే రేకులా ఊగుతుంది. ఊగే అంచు వెంట్రుక తగలగానే అదురుతుంది, అదిరితే చర్మాన్ని పీకుతుంది. ఒక కాగితాన్ని చివర పట్టుకుని చూడండి, వాలిపోతుంది. మధ్యలో కాస్త తొట్టిలా వంచి పట్టుకుంటే నిటారుగా నిలబడుతుంది. బ్లేడును మూతకూ పలకకూ మధ్య వంచి బిగించడంలో జరిగేది అదే. కింగ్ క్యాంప్ గిలెట్‌కు ఈ పద్ధతి మీద అమెరికాలో పేటెంటు వచ్చింది 1904లో. అంత పలచటి ఉక్కు రేకును గట్టిపరిచి పదును పెట్టే పద్ధతిని విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించాడు. 1903లో వాళ్ళు అమ్మినవి 51 రేజర్లు, మరుసటి ఏడాది 90,884. ఒక సేల్స్‌మన్‌గా ఆ అంకెలు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. నా టార్గెటు ఏ ఏడాదీ అలా పెరగలేదు.

ఇక రెండో సంగతి, బ్లేడు ఎంత బయటికి కనబడుతుందన్నది. మూత అంచు నుంచి పలక అంచుకు ఒక గీత గీశామనుకోండి. బ్లేడు అంచు ఆ గీత దాటి బయటికి వస్తే ఆ రేజరు కరుకు, గీత దగ్గరే ఆగిపోతే సాధువు. ఆర్89 సాధువుల్లో సాధువు. ఇదే కంపెనీది ఆర్41 అని ఒకటి ఉంది. పిడి ఇలాంటిదే, తల మాత్రం దువ్వెన పళ్ళలా తెరిచి ఉంటుంది, బ్లేడు బాగా బయటికి ఉంటుంది. విజయవాడలో ఒక స్నేహితుడి దగ్గర దాన్ని ఒక ఆదివారం వాడి చూశాను. అదే బ్లేడు, అదే సబ్బు, అదే ముఖం. ఆర్89 తో మూడు విడతల్లో వచ్చే నునుపు దానితో ఒకటిన్నర విడతలో వచ్చింది. చెవి దగ్గర ఎండిన తాటాకు మీద గోరు గీసినట్టు చప్పుడు. మూడు రోజుల గడ్డమైతే దానికి తిరుగు లేదు. కానీ రోజూ పొద్దున్నే ఆరున్నరకు నిద్రమత్తులో గీసుకునే నాకు అంత కరుకు సరుకు వద్దు. రోజూ గీసుకునేవాళ్ళకు సాధువే మేలు, వారానికి రెండుసార్లు గీసుకునేవాళ్ళకు కరుకుది మేలు. దుకాణాల్లో ఈ తేడా ఎవరూ చెప్పరు, మెరుపు చూపించి అమ్ముతారు.

మరి ఇంత సాధువైన రేజరుతో నేను మొదటి వారం రక్తం ఎలా కళ్ళచూశాను? నొక్కడం వల్ల. కార్ట్రిడ్జి తల కీలు మీద తిరుగుతుంది, ముందు రబ్బరు పట్టీ ఉంటుంది. ఎంత నొక్కినా సర్దుకుంటుంది, కోణం అదే చూసుకుంటుంది. ఇరవై ఏళ్ళు అలా గీసిన చేతికి నొక్కడం తప్ప ఏమీ రాదు. సేఫ్టీ రేజరు తల తిరగదు. కోణం మీరే పట్టాలి. నొక్కితే చర్మం పలక అంచు దాటి లోపలికి పొంగుతుంది, పొంగిన చోట కోత పడుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న గడ్డం గీసుకుంటుంటే మొదటిసారి పరీక్షగా చూశాను. ఆయనకు 76. అరుగు మీద స్టూలు, కిటికీ చువ్వకు ఆనించిన చేతి అద్దం, ఒక స్టీలు గ్లాసులో నీళ్ళు. రేజరు పాతది, పూత పోయి ఇత్తడి బయటపడింది. సబ్బు ఎప్పటిదో గోద్రెజ్ షేవింగ్ రౌండ్ డబ్బాలో వేసుకున్న వేరే సబ్బు. డబ్బా మాత్రం ఆయన పారేయడు. పిడిని చివరికంటా జరిపి మూడు వేళ్ళతో పట్టుకున్నాడు, చిటికెన వేలు కింద ఆసరా. బుగ్గను లోపల నుంచి నాలుకతో ఎత్తి పెట్టి, అంగుళం అంగుళం చొప్పున కిందికి జార్చాడు. ప్రతి రెండు గీతలకు గ్లాసులో ముంచి ఝాడించాడు. మొత్తం గడ్డం ఆ ఒక్క గ్లాసు నీళ్ళతో అయిపోయింది.

"నాన్నా, ఎంత నొక్కుతావు?" అని అడిగాను.

"నొక్కడమేమిటిరా? పాల మీద మీగడ తీస్తావా, నొక్కుతావా?" అన్నాడు.

ఆ గ్లాసు చూసినప్పుడల్లా ఒక కథ గుర్తొస్తుంది. మన దేశం కోసం గిలెట్ 2000 దశకం మొదట్లో ఒక రేజరు తయారుచేసి, అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులకు ఇచ్చి పరీక్షించింది. వాళ్ళందరికీ నచ్చింది. తీరా ఇక్కడికి తెస్తే వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుపోయాయి. ఎందుకంటే ఆ కుర్రాళ్ళకు అక్కడ కుళాయి ధార ఉంది, ఇక్కడ మా నాన్నలాంటి వాళ్ళకు గ్లాసు ఉంది. తర్వాత వాళ్ళు ఇక్కడికి వచ్చి, ఇళ్ళలో కూర్చుని చూసి, 2010లో గార్డ్ అనే రేజరు తెచ్చారు. ఒక్క బ్లేడు, చాలా తక్కువ విడిభాగాలు, తేలిగ్గా కడుక్కునే వీలు. అప్పుడు 15 రూపాయలు, బ్లేడు 5 రూపాయలు. అది కూడా నా సంచిలో ఒకటి ఉంటుంది. విమానంలో చేతి సంచిలో రెండంచుల బ్లేడు రానివ్వరు కాబట్టి, మీటింగులకు వెళ్ళినప్పుడు ఆ మూడు రోజులు దానితోనే కానిస్తాను. మెడ ఏమీ అనలేదు. ఒకే బ్లేడు కదా.

నాన్న దగ్గర నుంచి వచ్చాక కోణం నేర్చుకున్నాను. మూత నడినెత్తిని బుగ్గకు ఆనించి, పిడిని ముఖానికి అడ్డంగా నిలబెట్టండి. అప్పుడు బ్లేడు తగలదు. పిడిని మెల్లగా కిందికి వాల్చుతూ గీయండి. ఎక్కడ వెంట్రుక తెగుతున్న చప్పుడు మొదలవుతుందో అక్కడ ఆగాలి. బ్లేడుకూ చర్మానికీ మధ్య 30 డిగ్రీల దరిదాపు ఉంటుంది. ఇంకా వాల్చితే బ్లేడు గోకుతుంది. చప్పుడు ఉన్నంతసేపు కోణం సరిగ్గా ఉన్నట్టే. అందుకని గడ్డం గీసుకునేటప్పుడు ఫోనులో పాటలు పెట్టడం మానేశాను.

ఇక వాలు. నాకు బుగ్గల మీద వెంట్రుక కిందికి వాలి ఉంటుంది, అందరిలాగే. మెడ మీద మాత్రం కుడివైపు పైకి, ఎడమవైపు చెవి వైపుకు, కంఠమణి పక్కన ఏకంగా సుడి. నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా నా మెడ మీద సుడి ఉందని నాకు తెలియదు. ఈ మాట చెప్పింది మా వీధి సెలూన్ పెద్దాయన. "సార్, ఇక్కడ మీరు పై నుంచి కిందికి గీస్తే ఎదురే గీసినట్టు" అన్నాడు. ఆయన చేతిలో సగానికి విరిచిన బ్లేడు ఉన్న ఉస్తరా, దానికి పలక అంచూ లేదు, రక్షణా లేదు. అయినా నాకు గాటు పడలేదు. ఎడమచేతి బొటనవేలుతో చర్మాన్ని వెనక్కి లాగి, బిగిసిన చోటే కత్తి ఆడించాడు. ఆయన కళ్ళు కత్తి మీద లేవు, ఎడమచేతి వేళ్ళ మీద ఉన్నాయి. ఆ రోజు నుంచి నేనూ ఎడమచేతికి పని చెబుతున్నాను. రెండు రోజుల గడ్డం పెరగనిచ్చి వేళ్ళతో నిమిరితే ఏ దిక్కుకు గుచ్చుకుంటుందో, ఏ దిక్కుకు జారుతుందో మీకే తెలుస్తుంది. నేను మొదటి విడత వాలుకు, రెండో విడత అడ్డంగా గీస్తాను. ఎదురు అసలు గీయను. చెయ్యి పెట్టి చూస్తే కాస్త గరుకు తగులుతుంది. డాక్టర్లెవరూ నా మెడ నిమిరి చూడరు కాబట్టి నష్టం లేదు.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఒంగోలు వాడిని కాను. మా బోరు నీళ్ళకు సబ్బు లొంగదు. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, నురుగు పుట్టదు, పుట్టినా నిమిషంలో చస్తుంది. ఎండిన నురుగు మీద ఎంత మంచి రేజరూ బండి చక్రమే. ఇప్పుడు తాగే క్యాను నీళ్ళు ఒక చిన్న గిన్నెడు వేడి చేసుకుంటాను. "తాగే నీళ్ళతో గడ్డమా" అని ఇంట్లో రోజూ ఒక మాట పడుతుంది, పడతాను. స్నానం తర్వాత, మూడు నిమిషాలు నురుగు నాననిచ్చి గీస్తే అదే బ్లేడు వేరే బ్లేడులా నడుస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఎంఐటీ వాళ్ళు 2020లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. వెంట్రుక ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తన. అయినా బ్లేడు మొద్దుబారుతుంది. అరిగిపోవడం ఒక్కటే కాదు, వెంట్రుక వంగి కోణంగా తగిలినప్పుడు ఉక్కు అంచు సన్నసన్నగా పెచ్చులు ఊడుతుందట. నాకు ఒక బ్లేడు ఐదు గడ్డాలకు వస్తుంది. ఆరో రోజు గడ్డం కింద పీకుడు మొదలవుతుంది, తీసేస్తాను. బ్లేడు ఖరీదు రెండు మూడు రూపాయలు, దాని దగ్గర లోభించడం ఎందుకు? టోపాజ్, సెవెన్ ఒక్లాక్, ఇంకో రెండు రకాలు మార్చి చూశాను. నా ముఖానికి సెవెన్ ఒక్లాక్ పడింది. మీ ముఖానికి ఏది పడుతుందో మీరే చూసుకోవాలి, ఈ విషయంలో ఎవరి సలహా ఎవరికీ పనికిరాదు.

అయితే నాలుగు వేలు దండగ కాదా అని అడగవచ్చు. నేనూ అడుక్కుని, పోల్చి చూడటానికి 250 రూపాయలకు ఇంకో మూడు ముక్కల రేజరు తెప్పించాను. ఎవరు చేశారన్నది వదిలేద్దాం. బ్లేడు బిగించి, వెలుతురుకు ఎదురుగా ఎత్తి అంచు వైపు నుంచి చూస్తే సంగతి తెలిసింది. ఒకవైపు బ్లేడు వెండి దారంలా కనబడుతోంది, రెండోవైపు చీపురుపుల్లంత మందాన బయటికి వచ్చింది. మూతకున్న మేకులు బ్లేడు రంధ్రాల్లో వదులుగా ఉండి, బ్లేడు పక్కకు జరిగిపోతోంది. అంటే ఒకే రేజరుకు ఒకవైపు సాధువు, ఇంకోవైపు కరుకు. చెయ్యి ఎంత నేర్చినా ఏ వైపు గీస్తున్నామో గుర్తు పెట్టుకోవాలి. మర సగం వదులు చేసి, బ్లేడు కురచ చివరలను రెండు వేళ్ళతో పట్టి మధ్యకు సర్ది మళ్ళీ బిగిస్తే గడ్డం బాగానే అయింది. నిజం చెప్పాలంటే పదికి ఎనిమిది. ఆర్89 లో ఈ సర్దుడు లేదు. పదకొండు నెలల్లో ఎప్పుడు ఎత్తి చూసినా రెండు వైపులా వెండి దారం ఒకే మందం. నేను డబ్బు పెట్టింది దానికి, ఇంకా కొంచెం ఆ మెరుపుకి. పదికి తొమ్మిది ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, గుమ్మటం మూత మందం వల్ల ముక్కు కింద చివరి వెంట్రుకలు అందుకోవాలంటే ముక్కు పైకెత్తి పట్టుకోవాలి. మార్కాపురం లాడ్జిలో తలుపు మీద ఉన్న ఒక్క బల్బు వెలుతురులో ఆ భంగిమ చూసుకుంటే మనమీద మనకే జాలి వేస్తుంది.

చేతులు వణికేవాళ్ళు, పొద్దున్న ఐదు నిమిషాల్లో బయటపడాల్సినవాళ్ళు, నున్నటి గడ్డం కావాలి కానీ నేర్చుకునే ఓపిక లేదనేవాళ్ళు కొనవద్దు. తిన్నని వెంట్రుక ఉండి, కార్ట్రిడ్జితో మెడ హాయిగా ఉన్నవాళ్ళకూ అవసరం లేదు. కొనేవాళ్ళు మాత్రం ఒక పటిక బిళ్ళ కూడా కొనండి. గీసుకున్నాక తడి ముఖం మీద రుద్దితే ఎక్కడ ఎక్కువ నొక్కారో అక్కడ చురుక్కుమంటుంది. మొదటి నెల నాకు దవడ కింద అంతా చురుక్కుమనేది. ఇప్పుడు ఎప్పుడైనా ఒకచోట. పాత బ్లేడ్లు చెత్తబుట్టలో వేయవద్దు, రేపు మునిసిపాలిటీ బండి వాళ్ళ చేతికి తగులుతాయి. నా దగ్గర మాత్రల ఖాళీ డబ్బాలకు కొదవ లేదు, మూతకు గాటు పెట్టి అందులో వేస్తున్నాను.

పోయిన నెల ఆ చర్మవ్యాధుల డాక్టరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. కొత్త ట్యూబు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని నా మెడ చూశారు. రెండు వైపులా.

"ఏం రాశావు?"

"ఏమీ రాయలేదు సార్. రేజరు మార్చాను."

"మరి ఈ క్రీము నన్నెందుకు రాయమంటున్నావయ్యా?" అంటూ ట్యూబు నా వైపు జరిపారు.